పాలిమర్ ఇన్సులేటర్లకు ఆరోగ్య పరీక్ష

హైటెన్షన్ టవర్లకు వేలాడే పింగాణీ పళ్ళేల వరుసలను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు చాలా లైన్లలో వాటికి బదులు సన్నని బూడిదరంగు కడ్డీలు కనిపిస్తున్నాయి. ఇవే పాలిమర్ ఇన్సులేటర్లు. వీటి నడుమ గాజునారతో బలపరచిన ఎపాక్సీ కడ్డీ ఉంటుంది. తీగ బరువును మోసేది ఇదే. దానిపై సిలికోన్ రబ్బరు తొడుగు, చిన్న చిన్న గొడుగులు, రెండు చివరలా లోహపు బిగింపులు ఉంటాయి. ఇవి పింగాణీ వరుసలకంటే ఎంతో తేలిక.

ధూళి, మంచు, కరెంటు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఎన్నో తెలుగు కుటుంబాలకు నెలవైన ఉక్కునగరం. 1959లో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. పక్కనే జాముల్‌లో సిమెంటు కర్మాగారం ఉంది. ఇలాంటి చోట్ల ఇనుప ఆక్సైడు, సిమెంటు ధూళి ఇన్సులేటర్లపై పేరుకుంటాయి. పొడిగా ఉన్నంతవరకు ధూళి వల్ల పెద్ద ప్రమాదం లేదు. చలికాలపు వేకువన మంచుకు తడిస్తే మాత్రం అందులోని లవణాలు కరిగి కరెంటుకు దారి ఇస్తాయి.

సిలికోన్ రబ్బరుపై నీరు తామరాకు మీద బొట్లలా విడివిడిగా నిలుస్తుంది. అందువల్ల కరెంటుకు దారి ఏర్పడదు. అంతేకాదు, రబ్బరులోని తేలికపాటి సిలికోన్ అణువులు పైకి ఊరి, ధూళి పొరకు కూడా ఈ గుణాన్ని అంటిస్తాయి! కానీ ఎడతెగని తడి, మాలిన్యం ఈ గుణాన్ని తగ్గిస్తాయి. అప్పుడు ఉపరితలంపై చిన్న చిన్న విద్యుత్ మెరుపులు పుట్టి రబ్బరును కొద్దికొద్దిగా తినేస్తాయి.

పరీక్షించేది ఎలా?

మొదటిది నీటి పరీక్ష. కరెంటు ఆపి, ఉపరితలంపై నీరు చిమ్మి చూస్తారు. స్వీడన్ పరిశోధకులు 1992లో ఇందుకు ఏడు తరగతులు నిర్ణయించారు. విడి బొట్లు నిలిస్తే ఒకటో తరగతి. నీరు పొరలా పరుచుకుంటే ఏడో తరగతి.

రెండోది అతినీలలోహిత కెమెరా. కంటికి కనబడని కరోనా ఉత్సర్గాన్ని ఇది చూపుతుంది. సూర్యకాంతిలోని 240-280 నానోమీటర్ల కిరణాలను ఓజోన్ పొర అడ్డుకుంటుంది. అందుకే ఆ పరిధిలో పనిచేసే కెమెరాను పట్టపగలే వాడవచ్చు.

మూడోది పరారుణ కెమెరా. లోపలికి తేమ చేరి కడ్డీ వేడెక్కితే ఇది పట్టిస్తుంది.

ఏది ప్రమాదం?

ఇక్కడే కన్ను మోసపోతుంది. రబ్బరు రంగు మారినా, సుద్దలా తెల్లని పొడి రాలినా వెంటనే మార్చాల్సిన పని లేదు. గమనిస్తూ ఉంటే చాలు. కానీ లోహపు బిగింపు దగ్గర తొడుగులో సన్నని పగులు కనబడితే అది చాలా ప్రమాదం. ముఖ్యంగా తీగ వైపు చివర విద్యుత్ క్షేత్రం తీవ్రంగా ఉంటుంది. అక్కడ కరోనా వల్ల గాలిలో నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టి, తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతాయి. పగులు గుండా దిగిన ఆమ్లం గాజునారను కొరికేస్తుంది. చివరకు కడ్డీ కత్తితో కోసినట్టు విరిగి, తీగ నేలకు జారవచ్చు. కడ్డీ బయటపడిన ఇన్సులేటర్‌ను ఆలస్యం లేకుండా మార్చాలనడానికి కారణం ఇదే. ఆమ్లాన్ని తట్టుకునే గాజునార వాడకం ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించింది.

నీటి పరీక్షను మీరూ ఇంట్లో చేయవచ్చు. ఒక చేమాకుపై, ఒక గాజు పలకపై నీరు చిలకరించి తేడా గమనించండి. తర్వాత చేమాకుపై కొంచెం సబ్బునీరు రాసి మళ్ళీ చూడండి. కరెంటు లైన్ల జోలికి మాత్రం ఎన్నడూ వెళ్ళకండి.