నింద వయసు మీదే ఎందుకు?

నలభై దాటాక ఒళ్లు రావడం మామూలేనని సరిపెట్టుకుంటాం. కానీ, కండరాల బరువును లెక్కలోకి తీసుకుంటే, 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం కేలరీలు ఖర్చుచేసే వేగం దాదాపు మారదని 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం చెబుతోంది. మారేవి అలవాట్లే. నడక తగ్గుతుంది, కండ కరుగుతుంది. కంచంలో అన్నం మాత్రం తగ్గదు. పైగా సాయంత్రం టీతో మిక్చరు!

నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరిగినట్లే. అందుకే మారు అన్నం మానేసి పప్పు, కూర, పెరుగు కాస్త ఎక్కువ వడ్డించుకోండి. వారానికి అయిదు రోజులు అరగంట వేగంగా నడవండి. రెండు రోజులు గుంజీలు, గోడకు చేతులానించి దండీలు తీయండి. కండ నిలుస్తుంది. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోవడం మరవకండి.