దిగుదారిలో విద్యుత్తు – చోదకుని ఎంపిక

కోటప్పకొండ మన నరసరావుపేట ప్రాంతమునకు సుపరిచితమైన స్థలము. మూడు శిఖరములతో కనిపించుటచే దీనికి త్రికూటాద్రి అని పేరు. శివరాత్రికి పల్లెపల్లె నుండి ఎత్తైన ప్రభలు కదలివచ్చు ఈ కొండ మీదికి నేడు విద్యుత్ వాహనములు కూడ ఎక్కుచున్నవి. ఇటీవల మేము ఇద్దరు సహాధ్యాపకులతో విద్యుత్ కారులో ఆ ఘాట్ రోడ్డు ఎక్కి దిగితిమి. దిగునప్పుడు వారిరువురి మధ్య జరిగిన వాదమే ఈ వ్యాసమునకు ప్రేరణ.

కారు యజమాని బ్రేకును అరుదుగా తాకుచుండెను. యాక్సిలరేటరు మీది పాదము ఎత్తగానే, ఎవరో వెనుక నుండి పట్టి లాగినట్లు బండి నెమ్మదించుచున్నది. ముప్పది యేండ్లు డీసెలు జీపు నడిపిన పెద్దాయనకు అది నచ్చలేదు. "కాలు తీస్తే బండి దాని దారిన అది పోవాలి గాని, ఆగమన్నదెవరండీ? ఆపడానికి బ్రేకు ఉంది గదా!" అని ఆయన అభ్యంతరము. "ఘాట్ రోడ్డులో మీరు రెండో గేరు వేసుకుని దిగేవారు కాదా మాస్టారూ? ఇదీ అంతే" అని యజమాని సమాధానము.

ఇందలి శాస్త్ర విషయమును పరిశీలింతము. సైకిలు డైనమోను చక్రమునకు ఆనించిన దీపము వెలుగును గాని, తొక్కుట బరువగును. విద్యుత్ కారులో జరుగునదియు ఇదే. బండిని నడుపు మోటారే, పాదము ఎత్తినపుడు జనరేటరుగా మారి, చక్రముల గతిజశక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపును. ఆ బరువే బండిని నిదానింపజేయును. దీనినే రీజనరేటివ్ బ్రేకింగ్ అందురు. మామూలు బ్రేకులో ఈ శక్తి అంతయు వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

లాభమెంత? 1,600 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగినపుడు వెలువడు స్థితిజశక్తి సుమారు 0.44 యూనిట్లు. అందు మూడింట రెండు వంతులు బ్యాటరీకి చేరినను, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడచు కారు దానితో సుమారు రెండు కిలోమీటర్లు పోగలదు. అంతకన్న ముఖ్యమైన లాభము మరొకటి గలదు. దీర్ఘమైన దిగుదారిలో మామూలు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పు ప్రమాదము తగ్గును. 2022 సెప్టెంబరు నుండి తిరుమల ఘాట్ రోడ్డున తిరుగుచున్న విద్యుత్ బస్సుల వంటి భారీ వాహనములకు ఇది మరింత మేలు.

అయినను పెద్దాయన అభ్యంతరమును త్రోసిపుచ్చరాదు. ఊరి రద్దీలో మాటిమాటికి ఆగువారికి గట్టి నిరోధము సుఖము. తిన్నని రహదారిపై బండి స్వేచ్ఛగా సాగుటయే మేలు. వెనుక సీటులోని వారికి ప్రతి కుదుపు కడుపులో త్రిప్పును. అందుచేతనే 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్ కారులో సున్నా మొదలు మూడు వరకు నాలుగు స్థాయిలుంచిరి. 2023 నాటి నెక్సాన్‌లో ఆ ఎంపిక స్టీరింగు వెనుకనున్న మీటలకు చేరినది. ఎంపిక లేకపోవుట చిన్న లోపము కాదు. 2023 మే నెలలో చైనాలో 11 లక్షలకు పైగా టెస్లా కార్లను సాఫ్ట్‌వేర్ ద్వారా సవరింపవలసి వచ్చినది. నిరోధపు స్థాయిని ఎంచుకొను వీలు చోదకునికి లేకపోవుటచే, బ్రేకుకు బదులు యాక్సిలరేటరును పొరపాటున తొక్కు అవకాశము పెరుగునని అచటి ప్రభుత్వ సంస్థ అభిప్రాయపడినది.

మరొక హెచ్చరిక. నిండిన కుండలో నీరు పట్టనట్లే, నిండిన బ్యాటరీలో విద్యుత్తు పట్టదు. కోటప్పకొండ ఎక్కి దిగువారికి ఈ చిక్కు అంతగా లేదు. ఎక్కుటలోనే కొంత ఖర్చగును. కాని హార్సిలీ కొండల మీద రాత్రి బస చేసి, నిండుగా ఛార్జి చేసికొని తెల్లవారి దిగువారికి, అలవాటైన నిరోధము మొదటి మలుపులోనే తగ్గవచ్చును. అప్పుడు ఆదుకొనునది మామూలు బ్రేకే.

కొండ దిగువకు చేరుసరికి యజమాని నిరోధమును ఒక స్థాయి తగ్గించి, స్టీరింగును పెద్దాయనకు అప్పగించెను. నరసరావుపేట చేరులోగా ఆయన తానే దానిని మరల ఒక స్థాయి పెంచుకొనెను! విద్యార్థి మిత్రులు గ్రహింపవలసినది ఇదియే: యంత్రము ఎంత తెలివైనదైనను మనిషి పాదమునకు నేర్చుకొను వ్యవధి నీయవలెను, మనిషియు బ్రేకు ఎక్కడున్నదో మరువరాదు.