అరటి నార కాగితం.. పైలట్ యంత్రం దాటితేనే గిట్టుబాటు

గెల కోసిన తర్వాత అరటి బోదెను గట్టున పడవేయడం కోనసీమ తోటల్లో నిత్యం కనిపించే దృశ్యమే. ఆ బోదె నారతో టీ బ్యాగుల కాగితం, వడపోత పొరలు చేయవచ్చంటే రైతుకు ఆశ కలగడం సహజం. అది అసాధ్యమేమీ కాదు. టీ బ్యాగుల కాగితానికి పేరుపడిన అబాకా నార ఫిలిప్పీన్స్‌లో పండే అరటి జాతి మొక్కదే. అమెరికాలోని కనెక్టికట్‌లో డెక్స్‌టర్ కంపెనీ 1930వ దశకంలోనే ఇటువంటి పొడవు నారల కాగితాన్ని యంత్రంపై తీసింది. అయితే ప్రయోగశాలలో ఒక ముక్క చక్కగా వచ్చినంత మాత్రాన కర్మాగారం నిలబడదు. నడుమ పైలట్ యంత్రమనే మెట్టు ఉంది.

నీటితో పేర్చే పొర

నేయకుండా, అల్లకుండా నారలను పొరగా పేర్చి తయారుచేసేదే నాన్‌వోవెన్. తడి పద్ధతిలో నారను కొద్ది మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి నీటిలో కలుపుతారు. మామూలు కాగితానికి కిలో గుజ్జుకు సుమారు 200 లీటర్ల నీరు సరిపోతే, పొడవు నారకు 5,000 లీటర్ల వరకు కావాలి. తగ్గితే నారలు చుట్టుకుని ఉండలు కడతాయి. ఈ పలుచని ద్రవాన్ని ఏటవాలుగా పైకి కదిలే జల్లెడపై పారిస్తే నీరు దిగిపోయి పొర మిగులుతుంది.

తేడా ఎక్కడ?

ప్రయోగశాలలో నారలు అన్ని దిక్కులకూ పడతాయి. కదిలే జల్లెడపై అవి ప్రవాహం వైపే వాలుతాయి. దాంతో పొర పొడవునా గట్టిగా ఉన్నా అడ్డంగా సులువుగా చిరగవచ్చు. పైగా అంత నీటిని ఏ మిల్లూ పారబోయలేదు. వాడిందే తిరిగి వాడాలి. గంటలు గడిచేకొద్దీ ఆ నీటిలో మెత్తని పొట్టు పేరుకుంటుంది, నురుగు పెరుగుతుంది, జల్లెడ పూడుకుపోతుంది. చేతితో తీసిన కాగితంలో ఇది ఎన్నటికీ బయటపడదు.

పైలట్ యంత్రం వెడల్పు, వేగం తక్కువ కనుక కొద్దిపాటి నారతోనే ఈ లోపాలు తెలుస్తాయి. చుట్ట అంచునా, మధ్యనా ముక్కలు కోసి చదరపు మీటరు బరువు, మందం, గాలి చొరబాటు, తడిసినప్పటి బలం కొలుస్తారు. టీ బ్యాగు కాగితం చదరపు మీటరుకు 12 నుంచి 17 గ్రాములే తూగుతుంది. అంత పలుచని పొరలో ఒక్క ఉండ పక్కన రంధ్రం పడినా టీ పొడి కారిపోతుంది.

బోదెలో 90 శాతానికి పైగా నీరే. చేతికొచ్చే నార స్వల్పం. కాబట్టి నార తీసే యంత్రానికి అప్పు చేసే ముందు, పైలట్ పరీక్ష ఏకధాటిగా ఎన్ని గంటలు నడిచింది, ఏ రకం అరటి నారతో నడిచింది అని కొనుగోలుదారును రైతు అడగాలి. కర్పూర, చక్కెరకేళి నారలు ఒకే తీరున ఉంటాయని ముందుగా అనుకోరాదు.