గ్యాస్ మాత్రకు ముందు ఒక నోటుబుక్కు

తాడిపత్రిలో ఏ మందుల షాపు ముందరైనా సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడు నాయనా. "అన్నా, గ్యాస్ మాత్రొకటియ్యి" అనే మాట వినపడకుండా పోదు. ఛాతీలో మంటైనా గ్యాసే, తిన్నాక పొట్ట బిగుసుకున్నా గ్యాసే, పొద్దున కడుపు సరిగ్గా ఖాళీ కాకపోయినా గ్యాసే, ఆఖరికి వీపు పట్టేసినా గ్యాసే. షాపతను కూడా ఏమీ అడగడు. షీటులోంచి రెండు మాత్రలు కత్తెరతో కత్తిరించి చేతిలో పెడతాడు.

తమాషా ఏమిటంటే, ఆ మాత్రకూ గ్యాసుకూ పెద్దగా చుట్టరికం లేదు. అది ఎక్కువగా ఒమెప్రజోల్, ప్యాంటోప్రజోల్ జాతి మందు. జీర్ణకోశం గోడల్లో ఆమ్లాన్ని ఊరించే పంపులుంటాయి, వాటిని మూసేస్తుంది. పుల్లటి తేన్పులకు, కడుపులో పుండుకు మంచి మందే, కాదనను. గ్యాసు మాత్రం ఎక్కువగా పుట్టేది అక్కడ కాదు. ఆరు మీటర్ల చిన్నపేగు దాటి తిండి పెద్దపేగులోకి చేరాక, మనం అరిగించుకోలేక వదిలేసిన పిండిపదార్థాలను అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. మంట ఒకచోట, ఉబ్బరం ఇంకోచోట, మాత్ర మాత్రం రెండింటికీ ఒకటే! డాక్టరు చెప్పకుండా దాన్ని ఏళ్ళ తరబడి మింగితే బి12 విటమిన్ ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది.

బ్యాక్టీరియా అన్నానని మొహం చిట్లించకు. మన ఒంట్లో అవి 38 లక్షల కోట్ల దాకా ఉంటాయని 2016లో లెక్క తేల్చారు. మన సొంత కణాల కంటే పది రెట్లు ఎక్కువని అంతకుముందు పుస్తకాల్లో రాసేవాళ్ళు, మేమూ అట్లాగే చదువుకున్నాం. ఆ లెక్క తప్పు, రెండూ ఇంచుమించు సరిసమానమే. వీటిలో ఎక్కువ భాగం కాపురముండేది పెద్దపేగులోనే. మనం తిన్న పీచును అవి తిని బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం అదే. అంటే నువ్వు సంగటి తిన్నప్పుడు నీకే కాదు, నీ పేగు గోడకు కూడా వడ్డిస్తున్నావన్నమాట.

తిండికీ పేగుకూ ఉన్న ఈ లంకె ఎంత గట్టిదో తెలియాలంటే శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ వినాలి. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన కుర్రతనంలో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాతో పోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది ఒకటే జబ్బు, స్ప్రూ. ఏళ్ళ తరబడి విరేచనాలు, నోరు పూత, నాలుక మంట, తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎముకల గూడైపోవడం, రక్తం పాలిపోవడం దాని లక్షణాలు. తర్వాత సుబ్బారావు గారికీ అదే పట్టింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. 1923లో అమెరికా వెళ్ళారు, హార్వర్డులో చదివి అక్కడే పరిశోధన చేశారు, 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరారు.

ఈ జబ్బు పేగుకు చేసే పని చూడు. చిన్నపేగు లోపల సన్నటి నూగులాంటి విల్లైలు ఉంటాయి. తిండిలోని సారాన్ని పీల్చేవి అవే. ఆ పొర మూడు నుంచి అయిదు రోజులకొకసారి పాతది రాలి కొత్తది పుడుతుంటుంది. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. స్ప్రూలో విల్లైలు చదునైపోతాయి, ఫోలిక్ ఆమ్లం పీల్చుకోవడం తగ్గుతుంది. అది తగ్గేసరికి కొత్త పొర సరిగా పుట్టదు. పొర పుట్టకపోతే ఉన్న కాస్తా పీల్చలేదు. తిండిలేక పేగు పాడైందా, పేగు పాడై తిండి పట్టలేదా అని విడదీయలేని వలయం అది.

ఆ వలయం తెంపే ముక్క దొరకడానికి చాలా చేతులు పడ్డాయి. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ రక్తహీనతతో ఉన్న గర్భిణులకు ఈస్టు సారం పెట్టి రక్తం పట్టించింది. అందులో ఏముందో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూరను టన్నుల కొద్దీ ఉడికించి, పిండి, ఆ పదార్థాన్ని చిటికెడు వేరుచేశారు. టన్నుల పాలకూరతో ఎంతమందికి వైద్యం చేస్తావు? 1945లో సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. వెంటనే టామ్ స్పీస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే, మంచం పట్టినవాళ్ళు ఆకలని అడగడం మొదలుపెట్టారు. 1948లో అదే లెడర్లేలో, సుబ్బారావు గారు పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడే, బెంజమిన్ డగ్గర్ తాను కనిపెట్టిన ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించాడు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఈనాటికీ స్ప్రూకు ముఖ్యంగా వాడేవి ఆ రెండు రకాలే, ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను మింగిన జబ్బుకు రెండు మందులూ ఆయన నీడనుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన పోయారు.

ఇప్పుడు మనకు స్ప్రూ అరుదు. చాలామందిని వేధించేది వేరే. పరీక్షల్లో ఏమీ కనపడదు, కడుపు మాత్రం మాట వినదు. ఉబ్బరం, నొప్పి, ఒకరోజు మలబద్ధకం, ఇంకోరోజు పరుగులు. దీన్ని ఐబీఎస్ అంటారు. ఇట్లాంటివాళ్ళకు తిండి సలహా ఎంతవరకు పనిచేస్తుందని 2015లో స్వీడన్ వాళ్ళు పరీక్ష పెట్టారు. 75 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఫాడ్‌మ్యాప్ అనే కొత్త పద్ధతి. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పుధాన్యాలు, పాలు, కొన్ని పండ్లలో ఉండి పెద్దపేగులో పులిసే చక్కెరలను మానిపించడం. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు తెచ్చిన పద్ధతి అది. రెండో జట్టుకు మన జేజి చెప్పే మాటలే. వేళకు తిను, ఒక్కసారే కూరుకోకు, నమిలి తిను, కాఫీ, కారం, నూనె తగ్గించు. నాలుగు వారాలకు రెండు జట్లలోనూ దాదాపు సగం సగం మందికి నయమనిపించింది. జేజి ఓడలేదు!

అయితే జేజి మాట అందరికీ ఒకేలా పనిచేయదు కాబట్టే పోషకాహార నిపుణులు మొదట అడిగేది నోటుబుక్కు. మా వీధిలో బండల పాలిష్ మిషను మీద పనిచేసే ఒకతను గ్యాసు గ్యాసని తిరుగుతుంటే, అనంతపురంలో ఒక డైటీషియన్ అమ్మాయి రెండు వారాలు తిన్నవన్నీ రాయమంది. ఒక పేజీ నాకూ చూపించాడు. పొద్దున 6, టీ. 9, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు మూడు. 11, టీ. మధ్యాహ్నం 1, ఏమీ లేదు. 3:30, అన్నం, పప్పు, చారు. 6, టీ, బిస్కెట్లు. రాత్రి 10:30, అన్నం, కోడికూర. 11:30, మంట. నీళ్ళు అన్నచోట "గుర్తులేదు" అని రాసుకున్నాడు. నలభై డిగ్రీల ఎండలో రాతిదుమ్ములో పనిచేసే మనిషికి తాగిన నీళ్ళు గుర్తులేవు!

ఆ అమ్మాయి మందు రాయలేదు. రాత్రి కూడు 8కి జరపమంది, తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోవద్దంది. బజ్జీలు మూడు ఒకటైంది. మిరపలోని కారం మీద ఒక మాట చెప్పాలి. దాన్ని పట్టే గ్రాహకం నాలుక మీదే కాదు, పేగు పొడవునా ఉంటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఐబీఎస్ ఉన్న కొందరి పేగులో అట్లాంటి నరాలు మామూలు కంటే ఎక్కువ. అందుకే నీకు బజ్జీ కమ్మగా ఉంటే పక్కవాడికి అగ్గి. తర్వాత ఒక వారం ఉల్లిగడ్డ మాని, మళ్ళీ తినిచూడమంది. ఉడికింది పడుతుంది, ఉగ్గానిలో పచ్చివాసన పోని ఉల్లిగడ్డ పడదని తేలింది. వెల్లుల్లి పడనివాళ్ళకు ఒక కిటుకుంది. దానిలో పులిసే చక్కెర నీళ్ళలో కరుగుతుంది కానీ నూనెలో కరగదు. తిరగమోతలో రెబ్బలు వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, ఉబ్బరం మిగలదు. అతనికి మంట నెలలోపు తగ్గింది. ఉబ్బరం పూర్తిగా పోలేదు, సగమైంది. అసలు మెలకువ ఇక్కడుంది నాయనా. మానిపించిన ప్రతిదీ మళ్ళీ తినిపించి చూడాలి. ఏదీ తిరిగి పెట్టకుండా జాబితా పెంచుకుంటూ పోతే మనిషి చిక్కిపోతాడు, పేగులోని బ్యాక్టీరియా కూడా పస్తులుంటుంది.

ఇక మన నేల సంగతి. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ వానకు పండింది కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఉలవ, అలసంద. మా చిన్నప్పుడు వరి అన్నం పండగ కూడు. తర్వాత చేలల్లోకి శెనక్కాయ వచ్చింది, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, తప్పుపట్టను. కంచంలో పీచు తగ్గిన మాట కూడా నిజమే. వంద గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, జొన్నల్లో 10, పాలిష్ బియ్యంలో 3 కూడా ఉండదు. మనిషికి రోజుకు 30 గ్రాముల దాకా కావాలి. తాడిపత్రి బండకు పాలిష్ పెడితే రేటు పెరుగుతుంది, బియ్యానికి పెడితే విలువంతా తవుడులో పోతుంది.

వింటూనే రేపట్నుంచి మూడు పూటలా సంగటే అని కూర్చోకు. అలవాటులేని పేగుకు ఒక్కసారి పీచు పెంచితే ఉబ్బరం రెట్టింపవుతుంది. వారానికి కొంచెం, నీళ్ళతో పాటు పెంచాలి. మొదట మధ్యాహ్నం ఒక ముద్ద, పక్కన పప్పు కాదంటే శెనక్కాయల ఊరుబిండి. శెనక్కాయలు కడుపు ఉబ్బించేవి కావు, ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. ఉలవలు, అలసందలు రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే గ్యాసు చక్కెరలు కొంత పోతాయి. పాలు పడని పెద్దవాళ్ళు దక్షిణాదిలో చాలామంది, వాళ్ళకు మజ్జిగ పడుతుంది. దానిలోని లాక్టోస్‌ను బ్యాక్టీరియా ముందే కొంత తినేసి ఉంటుంది. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని పిండిగా మారి పీచు పని చేస్తుంది కాబట్టి సద్దన్నానికీ మార్కులున్నాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా ఉంచితే మాత్రం విషమే.

ఈ మధ్య వీధికొకటి న్యూట్రిషన్ సెంటర్ బోర్డులు లేస్తున్నాయి. పొద్దున్నే బరువు తూచి, డబ్బాలోని పొడి కలిపి గ్లాసు ఇస్తారు. ఆ బోర్డు పెట్టడానికి ఏ చదువూ అక్కర్లేదు. నిన్ను పది ప్రశ్నలు అడగకుండా డబ్బా అంటగట్టేవాడు పోషకాహార నిపుణుడు కాదు, అమ్మకందారు. కాలేజీలో డైటెటిక్స్ చదివి రిజిస్టరైన డైటీషియన్‌ను అడుగు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన సంస్థ అది. ఆయన ఎలుకలకు ఒక్కో ప్రాంతం తిండి పెట్టి చూస్తే, పాలిష్ బియ్యం పేదకూడు తిన్నవి కడుపు, పేగు జబ్బులతో చిక్కిపోయాయి.

తిండి మార్చినా లొంగకపోతే నీళ్ళ వైపు చూడు. ఈ జిల్లా బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు గారపట్టడం, ఎముకలు వంగడం అందరికీ తెలుసు. కడుపులోని ఆమ్లంతో కలిసి అది జీర్ణకోశం పొరను రేపుతుందని, వికారం, ఉబ్బరం, ఆకలి మందగించడం తెస్తుందని, మంచినీళ్ళకు మారితే కొద్దివారాల్లోనే తగ్గుతుందని డాక్టర్ సుశీల బృందం ఢిల్లీలో చూపించింది. మరగబెడితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు తాగడానికి పనికిరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించు.

తిండితో పోనిదీ ఒకటుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి తెచ్చే పుండు. దాన్ని నిరూపించడానికి 1984లో బ్యారీ మార్షల్ ఆ క్రిముల నీళ్ళు తానే తాగాడు, 2005లో నోబెల్ అందుకున్నాడు. దానికి యాంటీబయాటిక్సే దారి, రాగి సంగటి కాదు.

కాబట్టి నాయనా, మలంలో రక్తం పడినా, నల్లగా తారులాగా పోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, అర్ధరాత్రి నిద్రలేపే విరేచనాలున్నా, మింగుడు పడకపోయినా, ఒంట్లో రక్తం తగ్గిందని తేలినా, యాభై దాటాక కొత్తగా కడుపు తీరు మారినా నోటుబుక్కు పక్కన పెట్టు. మాత్రల షాపుకూ పోవద్దు. తాడిపత్రి ప్రభుత్వాసుపత్రికి పో, అవసరమైతే వాళ్ళే అనంతపురం పంపుతారు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాల్లో ఒక్కటున్నా ఈ వారంలోనే తీసుకుపో.