ఉచితముగ వచ్చిన విండోస్

భద్రాచలము అడవి పల్లెల పోడు పట్టాల వివరములు నేడు కచేరీ కంప్యూటరులందును ఉండును. అట్టి యంత్రమున కొత్త విండోస్‌ను, ఉచితమనగనే, ఎక్కింపవచ్చునా?

2015 జూలై 29 నుండి ఏడాదిపాటు మైక్రోసాఫ్ట్ విండోస్ 10ను పాత విండోస్ వాడువారికి వెల లేకుండ ఇచ్చినది. అడుగకయే దాని ఫైళ్లు పలు యంత్రములలోనికి దిగినవి! అది యంత్రపు పోకడలను సంస్థకు తెలుపుచుండును. ప్రో రకమున దీనిని పూర్తిగ మాన్పలేము; ఎంటర్‌ప్రైజ్ రకమున మిక్కిలి తగ్గింపవచ్చును. ఉచితము మాత్రము ఈ రెండవదానికి వర్తింపలేదు.

అట్లని పాతదానినే పట్టుకొనుటయు ప్రమాదమే. 2017 మే నెలలో వాన్నాక్రై, సవరణలు వేయని యంత్రములపై బడి, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటరులను సైతము కొన్నింటిని పట్టినది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కును సాధారణ భద్రతా సవరణలు నిలిచినవి. కావున మార్చుటే మేలు. కాని ముందుగ ఫైళ్ల నకలు వేరొక డిస్కున దాచి, స్థాపనవేళ అడుగు అనుమతులను చదివి, అక్కరలేనివానిని నిరాకరింపవలెను.