ఆదివారం ఓ గంట... నాన్న బండికి!

మెట్ల కింద దుప్పటి కప్పుకుని ఓ బండి. సీటు నిండా దుమ్ము. ట్యాంకు మీద పిల్లి అడుగులు. 'స్టార్టవడం లేదు కదా, ఎవరికైనా ఇచ్చేద్దాం' అని ఇంట్లో ఒకరంటారు. 'ఉండనీ... నాన్న బండి' అంటారు ఇంకొకరు. ఆ ఒక్క మాట మీద ఏళ్లు గడిచిపోతాయి. చివరికో రోజు పాత సామాన్లవాడు గుమ్మం ముందు ఆగుతాడు. ముప్ఫై ఏళ్లు ఇంటిల్లిపాదినీ మోసిన బండి ఇనుము లెక్కన వెళ్లిపోతుంది.

నిజానికి దానికొచ్చిన జబ్బు చాలాసార్లు చిన్నదే. మసిపట్టిన ప్లగ్గో, పూడిపోయిన జెట్టో, ఎండి పగిలిన పెట్రోలు పైపో! పాత బండి ముసలితనంతో పోదు, పట్టించుకునేవాళ్లు లేక పోతుంది. ఆదివారం ఓ గంట కేటాయించగలిగితే దాన్ని ఇంట్లోనే బతికించుకోవచ్చు.

ఒక్కో ఇంటికి ఒక్కో బండి

మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ కంపెనీ బుల్లెట్... ఊళ్లో పెద్దరైతు గుమ్మంలోనో, పోలీసు స్టేషన్ ముందో ఉండేది. మైసూరులో 1961 నుంచి జావాలు, 1973 నుంచి ఎజ్డీలు తయారయ్యాయి. ఒకే రాడ్డుతో కిక్కూ కొట్టొచ్చు, గేరూ మార్చొచ్చు అన్న వింత జావా, ఎజ్డీలదే. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడినా బళ్లు మాత్రం రోడ్డు దిగలేదు. పల్లెల్లో రాజ్‌దూత్ అంటే పాల క్యాన్లే గుర్తొస్తాయి. ఇక 1985లో హీరో హోండా సీడీ 100 మైలేజీతో మధ్యతరగతి మనసు దోచుకుంటే, అదే ఏడాది వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కాలేజీ కుర్రాళ్ల కలల బండి అయిపోయింది.

వీటన్నింటిలో ఒక సుగుణం ఉంది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. పక్క డబ్బాలో కంపెనీ ఇచ్చిన పానాలు, స్క్రూడ్రైవర్‌తోనే సగం పనులు చేసుకోవచ్చు. చప్పుడు విని జబ్బు చెప్పే పాతతరం మెకానిక్కులు తగ్గిపోతున్నారు. కొత్త కుర్రాళ్లకు ఇంజెక్షన్ బళ్లు తెలిసినంతగా పాయింట్లు, కార్బొరేటర్లు తెలియవు. కాబట్టి నేర్చుకోవాల్సింది బండి ఉన్న మనమే.

స్టార్టవడం లేదా? వరసలో చూడండి

ఏ పెట్రోలు ఇంజిన్‌కైనా కావాల్సినవి మూడు... పెట్రోలు, నిప్పు, ఒత్తిడి. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ వెళితే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. చాలామంది చేసే పొరపాటు కనిపించినవన్నీ ఒకేసారి విప్పేయడం!

మొదట పెట్రోలు. ట్యాంకులో ఉంది, ట్యాప్ తిప్పారు. పైపు ఊడదీస్తే ధారగా వస్తోందా? రాకపోతే ట్యాప్ జాలీ పూడిపోయినట్టు. బండి రెండు కిలోమీటర్లు బాగానే వెళ్లి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోందా? ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం చూడండి. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత తెరవగానే 'స్స్' మన్న చప్పుడొస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత నిప్పు. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ప్లగ్గు విప్పి, దాన్ని మళ్లీ క్యాప్‌లో పెట్టండి. రబ్బరు క్యాప్ పట్టుకుని ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి ఇంకొకరిని కిక్ కొట్టమనండి. నీలంగా, చిటుక్కున నిప్పురవ్వ రావాలి. ఎర్రగా, నీరసంగా వస్తే ప్లగ్గో, పాయింట్లో చూడాలి. ఒక్క జాగ్రత్త... ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది. నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలి. నేల మీద పెట్రోలు ఒలికి ఉంటే ఈ పరీక్ష జోలికే వెళ్లొద్దు.

బుల్లెట్, జావా, రాజ్‌దూత్ లాంటి బళ్లలో నిప్పును పుట్టించేవి పాయింట్లు. వాటి మధ్య ఖాళీ చాలా బళ్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ అనే పలచని రేకుల కట్ట దొరుకుతుంది. పాయింట్లు నల్లబడితే సన్నని గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు రుద్ది, శుభ్రమైన అట్టముక్కతో తుడిస్తే చాలు. మాటిమాటికీ కాలిపోతుంటే తప్పు పాయింట్లది కాకపోవచ్చు, పక్కనున్న కండెన్సర్ మార్చి చూడండి.

చివరిది ఒత్తిడి. కిక్ రాడ్ కాలికి ఎదురు తన్నకుండా మెత్తగా దిగిపోతోందంటే రింగులు అరిగి, బండి బోరుకు వచ్చినట్టే. అది ఇంట్లో అయ్యే పని కాదు. మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

ప్లగ్గే జాతకం చెబుతుంది

డాక్టరు నాలుక చూసినట్టు బండికి ప్లగ్గు చూడాలి. కొస లేత ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం భేష్. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ... ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి. నూనెతో తడిసి నల్లగా ఉంటే ఇంజిన్‌లోకి ఆయిల్ ఎక్కువ వెళ్తోంది. టూ స్ట్రోక్ అయితే కలిపే పాళ్లు సరిచూసుకోవాలి, ఫోర్ స్ట్రోక్ అయితే రింగుల మీద అనుమానపడాలి. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదని, ఇంజిన్ మరీ వేడెక్కుతోందని అర్థం. దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. పిస్టన్ పట్టేస్తుంది.

కార్బొరేటర్ శుభ్రం చేసేటప్పుడు ఇంట్లో పిన్నీసు కోసం వెతక్కండి. జెట్టు రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. క్లీనర్ కొట్టి గాలి ఊదితే చాలు. విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. విప్పిన స్క్రూలను వరసగా కోడిగుడ్ల అట్టలో వేసుకుంటే చివర్లో 'ఇది ఎక్కడిది?' అన్న ప్రశ్న రాదు!

బండి అదే... పెట్రోలు మారింది

ఇది కొత్త చిక్కు. 2025 నాటికి మన బంకుల్లోని మామూలు పెట్రోల్లో ఇథనాల్ పాళ్లు 20 శాతానికి చేరాయి. పాతికేళ్ల కిందటి బళ్లను తయారుచేసినప్పుడు ఈ లెక్క ఎవరి ఊహలోనూ లేదు. ఇథనాల్‌తో రెండు ఇబ్బందులు. పాతకాలపు రబ్బరు సామానును అది మెత్తబరుస్తుంది లేదా పగులగొడుతుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ట్యాంకు అడుగున వేరుగా దిగి తుప్పు పట్టిస్తుంది.

దీనికి కంగారుపడి బండి అమ్మేయక్కర్లేదు. పెట్రోలు పైపు, కార్బొరేటర్ వాషర్లు, ఫ్లోట్ నీడిల్... వీటిని ఇథనాల్‌ను తట్టుకునే కొత్త రకాలతో మార్పించుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు. పగిలిన పైపు నుంచి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్కలు పడితే పోయేది బండి ఒక్కటే కాదు, పక్కనున్న ఇల్లు కూడా! అందుకే నెలకోసారైనా పైపును వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే ఆ పూటే మార్చేయండి. నెలల తరబడి బండి తీయకపోతే కార్బొరేటర్‌లో పెట్రోలు ఖాళీ చేయండి. మళ్లీ తీసేముందు అడుగు పెట్రోలు కాస్త గాజుసీసాలోకి పట్టి చూస్తే నీరుంటే కింద గీతలా తేలిపోతుంది.

ఆయిల్ మరిచారో...

జావా, ఎజ్డీ, రాజ్‌దూత్‌లకు పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. ఒకటికి పాతిక పాళ్లు అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. మీ బండికి ఎంతన్నది కంపెనీ పుస్తకం చూసి ఖాయం చేసుకోండి. ఆర్‌ఎక్స్ 100కి ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది, పంపు దానంతటదే కలుపుతుంది. సుఖమే కానీ, ఆ ట్యాంకు చూడటం మరిచిపోతే ఇంజిన్ నడిరోడ్డు మీద పట్టేస్తుంది. బుల్లెట్, సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్ బళ్లకు ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు ఓ పాత డైరీలో రాసుకోండి. తీసేసిన ఆయిల్‌ను మురుగు కాల్వలో పోయకుండా డబ్బాకెత్తి మెకానిక్ షాపులో ఇవ్వండి.

గంటలో అయ్యే పని

చైను డీజిల్‌తో తుడిచి ఆయిల్ వేయండి. మధ్యలో వేలితో ఎత్తితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగువైతే బేరింగులు పోతాయి, మరీ వదులైతే చైను ఊడుతుంది. క్లచ్, బ్రేక్ కేబుళ్ల కొసల్లో ఒక్క తీగ తెగి కనిపించినా కొత్తది వేయండి. టైర్లలో గాలి, వెనక లైటు, హారన్ చూడండి. చక్రం పైకెత్తి తిప్పి, బ్రేక్ నొక్కి వదలండి. చప్పుడు లేకుండా ఆగి, వదలగానే తిరగాలి.

బుల్లెట్ ఉన్నవాళ్లకు మరో మాట. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బళ్లకు ఇది సరిగ్గా తిరగేసి ఉంటుంది. కొత్త బండి అలవాటైన అబ్బాయి హడావుడిలో కుడికాలు నొక్కితే బ్రేక్ పడదు, గేరు మారుతుంది! ఖాళీ మైదానంలో నాలుగు రోజులు తిప్పించాకే రోడ్డు మీదికి పంపండి. కిక్ కొట్టడమూ నేర్పాల్సిందే. అమ్మీటర్ ముల్లు చూస్తూ, డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు నిండుగా కొట్టాలి. తొందరపడితే రాడ్డు వెనక్కి తన్ని మోకాలి చిప్ప పని పడుతుంది.

ఇవి మాత్రం వద్దు

* ఇంజిన్ నడుస్తుండగా చైను తుడవొద్దు. గుడ్డతోపాటు వేలూ స్ప్రాకెట్‌లోకి వెళ్లిపోతుంది.
* గదిలో, వంటింటి పక్కన, దీపం వెలుగుతున్నచోట పెట్రోలుతో సామాను కడగొద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు. నేల మీదుగా పాకి నిప్పును వెతుక్కుంటుంది.
* తలుపులేసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
* బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి.
* బ్రేక్ షూలు మార్చడం, చక్రం బేరింగులు, ఇంజిన్ బోరు... చేయి తిరిగినవాళ్లకే వదలండి. ప్రాణం ఆధారపడే చోట ప్రయోగాలు కూడదు.

కాగితాలూ ముఖ్యమే

బండి ఎంత బాగున్నా కాగితాలు లేకపోతే రోడ్డెక్కకూడదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత రవాణా శాఖ వారికి బండి చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం తప్పనిసరి. రంగు వేయించేటప్పుడు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చెరిగిపోకుండా చూసుకోండి. యజమాని కాలం చేస్తే 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా వారసుల పేరిట మార్పించుకోవాలి. నాన్న బండి అన్న మమకారం ఒక్కటే చాలదు. అది మన పేరు మీదికీ రావాలి.

సామాను దొరకదేమోనన్న బెంగ అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మొదలుపెట్టి, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్ దాకా పాత బళ్ల భాగాల కోసం తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొనేటప్పుడు పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకోండి. నకిలీవి అక్కడే తేలిపోతాయి.

ఇంతకీ మెట్ల కింది బండి సంగతి? దుప్పటి తీయండి. మొదటి కిక్కుకు ముందు ప్లగ్గు రంధ్రంలో రెండు చుక్కలు ఆయిల్ వేసి, మెల్లగా నాలుగుసార్లు తొక్కండి. పెట్రోలు, నిప్పు, ఒత్తిడి... వరసలో చూడండి. మొదటివారం స్టార్టవకపోవచ్చు. రెండోవారం దగ్గొచ్చు. ఏదో ఒక ఆదివారం మాత్రం ఇంజిన్ అందుకుంటుంది. అప్పుడు వరండాలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్లజోడు పైకి తోసి అడుగుతారు చూడండి...

'ఏరా, ఐడిలింగ్ కాస్త ఎక్కువ పెట్టినట్టున్నావే?'

బండితోపాటు ఆయనా మెట్లు దిగి వస్తారు!