షార్దాన్ నిశ్చల చిత్రాలు

పండ్లు, పూలు, పాత్రలు, వేటాడి తెచ్చిన జంతువులు మొదలైన కదలని వస్తువులను ఎదుట అమర్చుకొని వేసే చిత్రాన్ని నిశ్చల చిత్రం లేదా స్టిల్ లైఫ్ అంటారు. ఈ ప్రక్రియలో అగ్రగణ్యులలో ఒకడు ఫ్రెంచి చిత్రకారుడు జాన్ సిమెయాన్ షార్దాన్ (1699 నవంబరు 2 - 1779 డిసెంబరు 6). జీవితకాలంలో ప్రశంసలందుకున్న ఇతని చిత్రాలు మరణానంతరం మరుగున పడి, 19వ శతాబ్దం మధ్యకాలంలో తిరిగి ఆదరణ పొందాయి.

నేపథ్యం

17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాయల్ అకాడమీ చిత్రాలకు అంతస్తులు నిర్ణయించింది. ఈ వర్గీకరణను ఆంద్రే ఫెలిబియాన్ గ్రంథస్థం చేశాడు. పురాణ, చారిత్రక ఘట్టాలది అగ్రస్థానం. పండ్లు, పూల చిత్రాలది అట్టడుగు స్థానం. కథ, నీతి, మానవ రూపం లేని చిత్రానికి చేతి నైపుణ్యం ఉంటే చాలునని, ఊహాశక్తి అక్కరలేదని భావించేవారు.

పారిస్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టిన షార్దాన్‌ను 1728లో అకాడమీ సభ్యునిగా చేర్చుకొన్నారు. అందుకు కారణమైన చిత్రాలలో "టేకు చేప" ప్రసిద్ధమైనది. కోసి కొక్కేనికి వేలాడదీసిన చేప, ఆల్చిప్పల మధ్య ఒళ్ళు విరుచుకొన్న పిల్లి, రాతి అరుగుపై వంటపాత్రలు ఇందులో కనిపిస్తాయి.

చిత్రణా విధానం

షార్దాన్ ఎంచుకొన్నవి వెండిపళ్ళేల వైభవాలు కావు. రాగి నీళ్ళ కాగు, కాఫీ కూజా, వెల్లుల్లి గడ్డలు, గాజు గ్లాసులో నీళ్ళు వంటి ఇంటి వస్తువులే. వాటిని కొద్దిపాటిగా అమర్చి, నిదానంగా, రంగులను పొరలు పొరలుగా పూసేవాడు. ఒక వస్తువు రంగు పక్క వస్తువుపై ఎలా ప్రతిఫలిస్తుందో శ్రద్ధగా గమనించేవాడు. అతని చిత్రం దగ్గరకు వెళితే అంతా మసకబారుతుందని, వెనుకకు జరిగితే మళ్ళీ రూపు కడుతుందని తత్వవేత్త దిదెరో 1763 నాటి ప్రదర్శనపై వ్రాసిన సమీక్షలో వర్ణించాడు. అంటే ఇక్కడ కథ స్థానాన్ని చూపే ఆక్రమించింది.

విస్మృతి, పునరాదరణ

18వ శతాబ్దం చివర, విప్లవ కాలంలో, దావిద్ వంటివారి వీరగాథా చిత్రాలకు ప్రాబల్యం పెరిగింది. షార్దాన్ చిత్రాలు అతి తక్కువ వెలకు అమ్ముడుపోయేవి. తరువాత విమర్శకుడు తోరే, గాంకూర్ సోదరులు అతని గొప్పదనాన్ని చాటారు. 1869లో లూయీ లా కాజ్ లూవ్ర్ మ్యూజియమునకు ఇచ్చిన సేకరణలో షార్దాన్ చిత్రాలు కూడా ఉన్నాయి.

ఇంటిలోని సాదా వస్తువులను చూసి విసుగు చెందే యువకుని షార్దాన్ చిత్రాల ముందుకు తీసుకువెళ్ళాలని మార్సెల్ ప్రూస్ట్ 1895 ప్రాంతంలో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. చిత్రంలో అందంగా కనబడినది ఇంటికి వెళ్ళాక వంటగదిలోనూ కనబడుతుందని అతని భావం. ఈ వ్యాసం 1954లో గాని అచ్చు కాలేదు. చిత్రకారులలో మతీస్ "టేకు చేప"కు నకలు వేశాడు. సూటిన్ 1920లలో అదే విషయాన్ని తన శైలిలో చిత్రించాడు.

1761 నాటి "అడవి స్ట్రాబెరీల బుట్ట" 2022 మార్చిలో పారిస్ వేలంలో సుమారు 2.4 కోట్ల యూరోలకు అమ్ముడైంది. అది దేశం దాటిపోకుండా ఫ్రాన్సు ప్రభుత్వం దానిని జాతీయ నిధిగా ప్రకటించింది. వేలాది సామాన్యుల విరాళాలు కూడా తోడై 2024లో లూవ్ర్ ఆ చిత్రాన్ని సొంతం చేసుకొన్నది. ఒకప్పుడు అట్టడుగు అంతస్తుకు చెందినదిగా ఎంచబడిన చిత్రం అది.